అనుమానం ఒకరిది, రుజువు ఇంకొకరిదా?

ఆ కాలనీలో ఇరవై మూడు ఇళ్లకు తాళాలు వేసి ఉన్నాయి. 2018 చివర్లో ఓటరు జాబితా సవరణ జరుగుతున్న రోజులవి. బడి వదిలాక రిజిస్టరు చంకన పెట్టుకుని ఆ వీధిలో మూడుసార్లు తిరిగాను. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక చిన్న ఊరు అది. అక్కడి బడిలో టీచరుగా ఉంటూనే బూత్ స్థాయి అధికారిగా, అంటే అందరూ బీఎల్వో అని పిలిచే పనిని కూడా నేనే చూసేదాన్ని. మూడోసారి వెళ్లినా అవే తాళాలు. ఒక గుమ్మానికి ఎండి వడలిన మామిడాకులు వేలాడుతున్నాయి. ఒక అరుగు మీద కుక్కి మంచం నిలబెట్టి ఉంది. నాలుగు కోళ్లు తప్ప వీధిలో కదిలేవి ఏమీ లేవు.

వాళ్లంతా ఎక్కడికి వెళ్లారో నాకు తెలుసు. సుగ్గికి వెళ్లారు. వానలు ముఖం చాటేసిన ఏడాది పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు గుంటూరు వైపు వలస పోవడాన్ని మా ప్రాంతంలో సుగ్గికి పోవడం అంటారు. దీపావళి దాటాక మూటాముల్లె సర్దుకుని లారీలెక్కుతారు, ఉగాదికి అటూ ఇటూగా తిరిగి వస్తారు. పిల్లలను వెంట తీసుకుపోతారు కాబట్టి ఆ నెలల్లో నా తరగతి గది సగం ఖాళీగా ఉంటుంది. ఎవరి బిడ్డ ఏ ఊరి మిరప తోటలో ఉన్నదో హాజరు పట్టీ చూడకుండానే చెప్పగలను. అంత తెలిసిన నా చేతిలో ఉన్న కాగితం మీద మాత్రం మూడే గడులు: ఇంట్లో లేరు, మారిపోయారు, చనిపోయారు. సుగ్గికి వెళ్లారు అనే గడి లేదు. గడువు ముంచుకొస్తోంది. పైనుంచి రోజుకు రెండు ఫోన్లు. వాళ్లలో చాలామంది పేర్ల ఎదురుగా "మారిపోయారు" అనే గడిలో గుర్తు పెట్టి, సంతకం చేసి ఇచ్చేశాను.

2019 ఏప్రిల్ 11న పోలింగ్. దానికి ముందు రోజు రాత్రి వాళ్లు లారీలో ఊరికి వచ్చారు. మిరప కోతలు ఇంకా పూర్తికాలేదు. రెండు రోజుల కూలి వదులుకుని మరీ వచ్చారు. తెల్లారి వరుసలో నిలబడితే కొందరికి పేరు ఉంది, కొందరికి లేదు. ఆ రోజు నాకు వేరే మండలంలో ఎన్నికల విధులు పడటంతో ఈ సంగతి తర్వాత తెలిసింది. వేసవి సెలవుల్లో ఒకామె బడి దగ్గరికి వచ్చి అడిగింది. "టీచరమ్మా, నేను ఊరు మారిపోయానని ఎవరు చెప్పారు? ఇంటికి తాళం వేసి వెళ్లాను గానీ ఇల్లు అమ్ముకుని వెళ్లలేదు కదా."

రాసింది నేనే అని ఆమెకు చెప్పాను. ఆమె నన్ను ఏమీ అనలేదు. చేతిలో ఉన్న ఓటరు కార్డును తిప్పి తిప్పి చూసుకుంది. "మరి ఈ కార్డు ఎందుకు ఇచ్చినట్టు?" అని మాత్రం అడిగింది. ఆమె ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసం ఇది.

ఓటరు గుర్తింపు గురించి మన దగ్గర చర్చ వచ్చినప్పుడల్లా మాట పోలింగ్ కేంద్రం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. కార్డు ఉందా, ఆధార్ ఉందా, ఫొటో సరిపోయిందా అని. నా అనుభవంలో ఆ గుమ్మం పేదవాడిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, పింఛను పత్రం ఇలా 12 రకాల ప్రత్యామ్నాయాలను ఎన్నికల సంఘం ఒప్పుకుంటుంది. కార్డులో అక్షరదోషాలు ఉంటే, మనిషి ఆమేనని తేలినప్పుడు వాటిని పట్టించుకోవద్దని పోలింగ్ కేంద్రం బాధ్యత చూసే ప్రిసైడింగ్ అధికారుల చేతిపుస్తకం కూడా చెబుతుంది. పేదవాడి ఓటు పోయేది అంతకు ఆరు నెలల ముందు, ఎవరూ చూడని చోట, జాబితా తయారయ్యే బల్ల మీద. అక్కడ ఎవరు ఎవరికి రుజువు చూపాలన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన చట్టాల్లోనే ఒక చక్కని సమాధానం ఉంది. దాని వెల రెండు రూపాయలు.

2014 మే 7న నేను ఒక పల్లెలో ప్రిసైడింగ్ అధికారిని. పదిన్నర ప్రాంతంలో ఒక అవ్వ లోపలికి వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి. నడుము వంగిపోయి, ఒక చేత్తో మనవరాలి భుజం పట్టుకుని, మరో చేత్తో కొంగు ముడిలోంచి కార్డు తీసి నా బల్ల మీద పెట్టింది. ప్లాస్టిక్ పొర లోపలికి నీళ్లు దిగి ఫొటోలో ముఖం ఒక మరకలా మిగిలింది. జాబితాలో లక్ష్మమ్మ అని ఉంది, కార్డు మీద లచ్చమ్మ అని ఉంది. ఒక పార్టీ ఏజెంటు లేచి, "ఈమె ఆమె కాదు మేడమ్, ఆ లక్ష్మమ్మ ఎప్పుడో కూతురి ఊరు వెళ్లిపోయింది" అన్నాడు. వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. అవ్వ బిత్తరపోయి నా ముఖంలోకి చూసింది.

ఎన్నికల నిర్వహణ నిబంధనలు 1961లో వచ్చాయి. వాటిలో 49జే అని ఒకటి ఉంది. ఓటరు ఎవరన్న దాని మీద ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే ముందుగా రెండు రూపాయలు నగదుగా ప్రిసైడింగ్ అధికారి దగ్గర కట్టాలి. ఒక్కో అభ్యంతరానికి రెండేసి రూపాయలు. ఆ తర్వాతే విచారణ. అభ్యంతరం చెప్పినవాడిని తన మాటకు ఆధారం చూపమని అడగవచ్చు, ఓటరును ప్రశ్నలు అడగవచ్చు. అభ్యంతరం రుజువు కాకపోతే ఓటు వేయనివ్వాల్సిందే. ఊరికే వేధించడానికి చెప్పిన అభ్యంతరమని తేలితే ఆ రెండు రూపాయలు ప్రభుత్వానికి జమ అవుతాయి.

నేను చేతిపుస్తకం తెరిచి ఏజెంటును రెండు రూపాయలు అడిగాను. అతను జేబులో వెతికి పది నోటు తీశాడు. ఎనిమిది రూపాయలు చిల్లర ఇచ్చి, ఫారం 14లో అవ్వ పేరు రాశాను. జాబితాలో ఆమె వివరాలు పైకి చదివి, ఇది నువ్వేనా అవ్వా అని అడిగాను. అవునంది. మీ ఇంటికి కుడి పక్క ఎవరుంటారు? చెప్పింది. ఎడమ పక్క? చెప్పింది. మీ ఆయన పేరు? కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మనవరాలు చెప్పింది. ఇంతలో ఎదుటి పార్టీ ఏజెంటు, "మేడమ్, మా వీధే. కూతురి ఊరికి వెళ్లి మళ్లీ వచ్చేసింది" అన్నాడు. అంతా కలిపి నాలుగైదు నిమిషాలు. అవ్వ వేలిముద్ర వేసింది, వేలికి సిరా పూయించుకుంది, ఓటు వేసి వెళ్లింది. ఆ ఏజెంటు దురుద్దేశంతో అనలేదనిపించి అతని రెండు రూపాయలు తిరిగి ఇచ్చేశాను.

ఆ రెండు రూపాయల వెనక ఎంత ఆలోచన ఉందో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ సొమ్ము ఎవరికీ భారం కాదు. కానీ అది ఒక వరుస చెబుతుంది. అనుమానం ఉన్నవాడు ముందు ముందుకు రావాలి, తన పేరు చెప్పాలి, డబ్బు కట్టాలి, ఆధారం చూపాలి. అవ్వ దగ్గర పైసా అడిగే హక్కు ఎవరికీ లేదు. ఆమె పేరు జాబితాలో ఉంది కాబట్టి ఆమె ఓటరే అన్న నమ్మకంతో విచారణ మొదలవుతుంది.

సుప్రీంకోర్టు 1995లో లాల్‌బాబు హుస్సేన్ కేసులో చెప్పిందీ దాదాపు ఇదే. ఢిల్లీ, ముంబయి మురికివాడల్లోని వేలాది మందిని పౌరసత్వం రుజువు చేసుకోమని, లేదంటే పేర్లు తీసేస్తామని అధికారులు నోటీసులిచ్చారు. పేరు ఒకసారి జాబితాలోకి ఎక్కిందంటే అప్పటి అధికారి సరిచూసే ఎక్కించాడని భావించాలని, తీసేయాలంటే సరైన ఆధారంతో, ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశమిచ్చి మాత్రమే తీసేయాలని కోర్టు స్పష్టం చేసింది. జాబితాలో ఉన్నవాడిని ప్రతిసారీ మొదటి మెట్టు నుంచి ఎక్కమనకూడదని దాని సారం.

సుగ్గికి వెళ్లినవాళ్ల విషయంలోనూ చట్టం వాళ్ల పక్షానే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 20వ సెక్షన్ చదవండి. తాత్కాలికంగా ఇల్లు విడిచి వెళ్లినంత మాత్రాన మనిషి ఆ ఊరి సాధారణ నివాసి కాకుండా పోడని అందులో ఉంది. అదే సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది. ఎంపీ గానీ ఎమ్మెల్యే గానీ తన పదవి పని మీద నియోజకవర్గంలో లేకపోయినా అక్కడి నివాసిగానే ఉంటారు. సైన్యంలో ఉన్నవారికీ ఇలాంటి రక్షణ ఉంది, అది న్యాయమే. ఐదేళ్లూ రాజధానిలో గడిపిన ప్రజాప్రతినిధి ఇంటికి తాళం ఉంటే ఏ బీఎల్వో అయినా "మారిపోయారు" అని రాస్తారా? నేనైతే రాయను, రాసే ధైర్యమూ చేయను. ఐదు నెలలు మిరపకాయలు కోయడానికి వెళ్లినవారి తలుపు ముందు మాత్రం నా కలం ఆగలేదు. చట్టం ఇద్దరికీ ఒకటే చెప్పింది. నేను ఇద్దరిని ఒకేలా చూడలేదు.

ఇందులో నా తప్పుతో పాటు క్యాలెండరు తప్పు కూడా ఉంది. జనవరి 1ని అర్హత తేదీగా పెట్టుకుని ఏటా జరిగే జాబితా సవరణ ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లోనే సాగుతుంది. మా పల్లెలు ఖాళీ అయ్యేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఇల్లిల్లూ తిరిగి సరిచూసే రోజులు, ఇళ్లలో మనుషులు లేని రోజులు ఒకటే అయితే ఆ సరిచూడటం ఎవరిని వెతికి పట్టుకుంటుంది? తొలగించే పేర్ల జాబితాను నోటీసు బోర్డు మీద అంటిస్తారు. చట్టప్రకారం అది సమాచారం ఇచ్చినట్టే. మూడు వందల కిలోమీటర్ల అవతల మిరప చేనులో గోనె పరచుకుని కాయలు ఏరుతున్న మనిషికి ఆ బోర్డు ఎలా కనిపిస్తుంది?

2025లో బిహార్‌లో జరిగింది చూసినప్పుడు నాకు మా కాలనీ తాళాలే కళ్ల ముందు కదిలాయి. ఆ ఏడాది జూన్ 24న ఎన్నికల సంఘం అక్కడ ప్రత్యేక సమగ్ర సవరణ ప్రకటించింది. 7.89 కోట్ల మంది ఓటర్లు నెల రోజుల్లో ఫారాలు నింపి ఇవ్వాలి. అంతకు ముందు ఇలాంటి సవరణ జరిగిన 2003 నాటి జాబితాలో పేరు లేనివారు 11 పత్రాల్లో ఏదో ఒకటి చూపాలి. ఆ పదకొండులో పాస్‌పోర్టు ఉంది, జనన ధ్రువీకరణ పత్రం ఉంది, పదో తరగతి సర్టిఫికెట్ ఉంది, ప్రభుత్వోద్యోగి గుర్తింపు కార్డు ఉంది. పేదవాడి పెట్టెలో ఉండే మూడు కాగితాలు, అంటే రేషన్ కార్డు, ఆధార్, ఎన్నికల సంఘమే ఇచ్చిన ఓటరు కార్డు, లేవు. ఆగస్టు 1న వచ్చిన ముసాయిదాలో 65 లక్షల పేర్లు కనిపించలేదు. సుమారు 22 లక్షల మంది చనిపోయారని, 36 లక్షల మంది శాశ్వతంగా మారిపోయారని లేదా దొరకలేదని, 7 లక్షల మందికి రెండు చోట్ల పేర్లున్నాయని లెక్క చెప్పారు. చనిపోయినట్టు రాసిన ఇద్దరిని ఆగస్టులో సుప్రీంకోర్టు ముందు ప్రాణాలతో నిలబెట్టారు. తొలగించిన పేర్లను కారణాలతో సహా బయటపెట్టమని ఆగస్టు 14న కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. సెప్టెంబరు 8న ఆధార్‌ను పన్నెండో పత్రంగా తీసుకోమంది. సెప్టెంబరు 30 నాటి తుది జాబితాలో 7.42 కోట్ల మంది మిగిలారు. తర్వాత 9 రాష్ట్రాలు, 3 కేంద్రపాలిత ప్రాంతాలకు ఈ సవరణ విస్తరించింది.

ఆ 36 లక్షల దగ్గర నేను ఆగిపోయాను. "మారిపోయారు లేదా దొరకలేదు" అనే ఆ గడిని నింపిన చేతులు నా చేతుల్లాంటివే. బడి పంతుళ్లవి, అంగన్‌వాడీ కార్యకర్తలవి. బిహార్ అంటేనే వలసల రాష్ట్రం. ఆ లక్షల్లో నిజంగా ఊరు వదిలేసినవారు ఎంతమందో, పంజాబు వరి పొలాల్లోనో సూరత్ మిల్లుల్లోనో కూలికి వెళ్లి దసరాకో ఛఠ్ పండుగకో తిరిగొచ్చేవారు ఎంతమందో ఆ గడి చెప్పదు. అందుకు దాంట్లో చోటు లేదు.

పదో తరగతి సర్టిఫికెట్ గురించి ఒక టీచరుగా ఒక మాట చెప్పాలి. పుట్టిన తేదీకి దాన్ని మించిన రుజువు లేదని ఆఫీసులన్నీ నమ్ముతాయి. ఆ తేదీ ఎక్కడి నుంచి వస్తుందో మాకు తెలుసు. అమ్మ బిడ్డను ఒకటో తరగతిలో చేర్చడానికి తీసుకొస్తుంది. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే, "పెద్దవాన పడిన ఏడు, వేరుశనగ పీకే రోజుల్లో" అంటుంది. మేము పిల్లవాడిని ఒకసారి పైకీ కిందికీ చూసి, ఐదేళ్లు నిండేలా వెనక్కి లెక్కవేసి జూన్ ఒకటో జూలై ఒకటో రాసేస్తాం. మా పాత రిజిస్టర్లు తిరగేస్తే ఊరంతా ఆ రెండు నెలల్లోనే పుట్టినట్టు ఉంటుంది. నేను అంచనాగా రాసిన ఆ తేదీ పదేళ్ల తర్వాత సర్టిఫికెట్ మీద అచ్చయి తిరుగులేని సాక్ష్యమవుతుంది. చదువుకున్నవాడికి అది రక్షణ. అదే కాలనీలో బడి మానేసి గొర్రెలు కాసిన అతని అన్నకు ఆ రక్షణ లేదు. ఇద్దరి పుట్టుక గురించీ ప్రభుత్వానికి తెలిసింది సమానమే. ఒకరి దగ్గర దానిమీద ముద్ర పడింది, అంతే తేడా.

జనన మరణాల నమోదు చట్టం వచ్చింది 1969లో. చట్టం రాగానే పల్లెల్లో నమోదు మొదలైపోలేదు. 1952 ప్రాంతంలో రాయలసీమను గంజి కరువు పట్టింది. ఆ కరువులో నేను చంటిపిల్లనని చెప్పే ముసలమ్మలు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల పుట్టుకకు ఆ కరువే సాక్ష్యం. దాన్ని స్కాన్ చేసి ఏ ఫారానికీ జతచేయలేరు.

స్త్రీల సంగతి మరీ కష్టం. పెళ్లితో ఊరు మారుతుంది, ఇంటిపేరు మారుతుంది, కొన్నిచోట్ల అత్తవారింట్లో అసలు పేరే మార్చి పిలుస్తారు. కాగితాలేవైనా ఉంటే పుట్టింట్లో ఉంటాయి. మొదటి సాధారణ ఎన్నికల నాడే ఇది బయటపడింది. 1951-52 ఎన్నికలకు జాబితాలు రాసేటప్పుడు, ముఖ్యంగా ఉత్తరాది రాష్ట్రాల్లో, లక్షలాది మంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానా వారి భార్యను, ఫలానా వారి కూతురిని అని మాత్రం రాయించారు. సొంత పేరు లేని నమోదు చెల్లదని మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాకు ఎక్కకుండా పోయాయి. సేన్ ఉద్దేశం మంచిదే. స్త్రీకి తన పేరుతో తనకు ఓటు ఉండాలన్నది ఆయన పట్టుదల, తర్వాతి ఎన్నికలకు చాలామంది పేర్లు చెప్పి నమోదయ్యారు కూడా. అయినా ఆ ఒక్క ఎన్నికలో ఓటు పోయింది ఎవరికి? నియమం పెట్టినవారికి ఏమీ పోలేదు.

నా వాదన వినేవారు వెంటనే అడిగే ప్రశ్న నాకు తెలుసు. దొంగ ఓట్ల సంగతేమిటి? రిగ్గింగ్ చూసిన తరం మాది. పోలింగ్ కేంద్రాల్లోకి చొరబడి బ్యాలెట్ పత్రాల కట్టలకు కట్టలు గుద్దేసిన ఎన్నికల గురించి మా నాన్న చెప్పగా విన్నాను. ఓటరుకు ఫొటో కార్డు ఇవ్వాలని 1993లో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ శేషన్ ఆదేశించినప్పుడు దేశం ఊపిరి పీల్చుకున్నది ఆ కారణంగానే. ఆ కార్డు పేదవాడికి గౌరవం తెచ్చింది. చాలా ఇళ్లలో గోడకు కొట్టిన మేకుకు వేలాడే సంచిలో మొదటి ఫొటో కార్డు అదే. చనిపోయినవారి పేర్లు తీయాలి, రెండు చోట్ల ఉన్న పేర్లు ఒకచోటికి తేవాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. బీఎల్వోగా నేనే ఎన్నో పేర్లు తీయించాను. చనిపోయిన కొడుకు పేరు కొట్టేయించడానికి తండ్రి నా ముందు కూర్చుని సంతకం పెట్టిన రోజులు కూడా ఉన్నాయి.

నేను అడిగేది ఒక్కటే. దొంగను పట్టుకునే పద్ధతి నిజాయితీపరుడికి ఖర్చు పెట్టించకూడదు. అలాంటి పద్ధతులు మన దగ్గర లేకపోలేదు. వేలి మీద సిరా చుక్క చూడండి. 1962 నుంచి మైసూరు కర్మాగారంలో తయారవుతున్న ఆ సిరా రెండోసారి ఓటు వేయబోయేవాడిని పట్టిస్తుంది. అందుకోసం ఓటరు ఏ ఆఫీసుకూ వెళ్లనక్కర్లేదు, ఏ కాగితమూ తేనక్కర్లేదు, వేలు చాపితే చాలు. పోలింగ్ ఏజెంట్లు ఆ చుట్టుపక్కల వాళ్లే కావడం ఇంకో పద్ధతి. ఊళ్లో ఎవరు ఎవరో వాళ్లకు తెలుసు. నీ ఓటు ఎవరో వేసేశారని తేలినా నువ్వు జవాబులు సరిగ్గా చెబితే టెండర్ ఓటు, అంటే విడిగా బ్యాలెట్ పత్రం మీద వేసే ఓటు ఇవ్వాలన్న 49పీ నిబంధన మరొకటి. ఇవన్నీ అనుమానం బరువును వ్యవస్థ నెత్తిన పెట్టినవి. పేదవాడి నెత్తిన పెట్టినవి కావు.

పైగా తప్పుడు అభ్యంతరాలు కూడా ఒక రకం దొంగతనమే. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో పేర్లు తొలగించమని ఫారం-7 దరఖాస్తులు లక్షల్లో వచ్చిపడ్డాయి. చాలావాటిలో దరఖాస్తు చేసినట్టు చూపిన మనిషికే ఆ సంగతి తెలియదు. పోలీసు కేసులు నమోదయ్యాయి. ఆన్‌లైన్‌లో నాలుగు మీటలు నొక్కి ఇంకొకరి ఓటు మీద రాయి వేయగలిగినప్పుడు, ఆ రెండు రూపాయలు కట్టించుకునే వరుస ఎక్కడికి పోయింది? తెలంగాణలో 2018 డిసెంబరు 7న ఓటేయడానికి వెళ్లి జాబితాలో పేరు కనిపించక వెనుదిరిగినవారు ఎందరో. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ చెప్పడం పెద్దమనసే, కాదనను. ఆ రోజు ఓటు మాత్రం మళ్లీ రాదు.

ఇది మనకే ఉన్న బాధ కూడా కాదు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం పెట్టిన ఫొటో గుర్తింపు చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2008లో సమర్థించింది. ఆ రాష్ట్రంలో ఒకరి పేరుతో మరొకరు వచ్చి ఓటేసిన ఉదాహరణ ఒక్కటీ రికార్డులో లేదని ఆ తీర్పులోనే ఉంది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే, అక్కడి మఠంలో ఉండే పన్నెండు మంది దాకా వృద్ధ సన్యాసినులను గడువు తీరని ఫొటో గుర్తింపు లేదని వెనక్కి పంపారు. పంపింది ఆ మఠంలోనే ఉండే మరో సన్యాసిని, ఆ రోజు పోలింగ్ సిబ్బందిగా. వాళ్లు ఎవరో ఆమెకు తెలుసు. నాకూ తెలుసు కదా ఆ ఇరవై మూడు ఇళ్లవాళ్లు ఎవరో. ఇంగ్లండ్‌లో 2023 స్థానిక ఎన్నికల్లో మొదటిసారి అంతటా ఫొటో గుర్తింపు అడిగినప్పుడు సుమారు 14 వేల మంది ఓటేయకుండానే ఇళ్లకు వెళ్లారు.

"కాగితం తెచ్చుకోవడం అంత కష్టమా? ఉచితమే కదా" అని చదువుకున్న స్నేహితులు అడుగుతారు. బిహార్‌లో అడిగిన పదకొండు పత్రాల్లో ఒకటైన కుల ధ్రువీకరణ పత్రం లెక్క చూద్దాం. దరఖాస్తు చేయడానికి మండల కేంద్రానికి ఒక రోజు. ఆధార్‌లో పేరు ఒకలా రేషన్ కార్డులో ఇంకోలా ఉందని తిప్పి పంపితే, దాన్ని సరిచేయించడానికి మరో రోజు. విచారణకు రమ్మంటే ఇంకో రోజు. సర్వర్ పనిచేయకపోతే మళ్లీ రమ్మంటారు. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నాలుగు రోజులు తిరిగితే పన్నెండు వందల పైచిలుకు, ఆటో చార్జీలు కాక. జీతం తీసుకుంటూ అదే ఆఫీసుకు వెళ్లే నాకు అది సగం పూట సెలవు. మన దేశంలో ఒకప్పుడు భూమి ఉన్నవారికి, పన్ను కట్టేవారికి, చదువున్నవారికే ఓటు ఉండేది. రాజ్యాంగం 326వ అధికరణతో దాన్ని తుడిచేసింది. పన్నెండు వందలు ఖర్చు పెట్టగలిగినవారి పేరు నిలిచి, పెట్టలేనివారి పేరు పోతే, తుడిచేసిన ఆ గీత మళ్లీ సన్నగా కనిపిస్తోందనే నా భయం.

ఎన్నికల సంఘానికి మనసు పెడితే ఎంత చేతనవునో మనం చూశాం. గిర్ అడవిలో బాణేజ్ అనే చోట ఒకే ఒక్క ఓటరు కోసం పోలింగ్ కేంద్రం పెట్టిన సంఘం ఇది. 2024లో 85 ఏళ్లు దాటినవారి ఇంటికే బ్యాలెట్ తీసుకెళ్లింది. సొంత ఊరికి రాలేని వలస ఓటర్ల కోసం, ఒకే యంత్రం మీద 72 నియోజకవర్గాల ఓట్లు వేయించే రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని 2023 జనవరిలో పార్టీలకు చూపించాలని కూడా పూనుకుంది. పార్టీలు ఒప్పుకోక అది అక్కడే ఆగింది. ఓటరు దగ్గరికి నడిచి వెళ్లే అలవాటు ఉన్న సంస్థ, జాబితా దగ్గరికి వచ్చేసరికి ఓటరునే తన దగ్గరికి నడిపించుకోవడం నాకు మింగుడుపడదు.

మా ఊరికి సరిపడా నాకు తోచినవి చెబుతాను. తాళం కనిపించిన ఇంటికి "తాత్కాలిక వలస" అనే గడి పెట్టండి, ఆ గడిలో ఉన్న పేరును వాళ్లు తిరిగొచ్చే కాలం దాటేదాకా ముట్టుకోకండి. 2022 నుంచి ఏడాదికి నాలుగు అర్హత తేదీలు వచ్చాయి కదా, వలస మండలాల్లో ఇల్లిల్లూ తిరిగే పని ఉగాది తర్వాత పెట్టండి. తొలగించబోయే పేర్లు నోటీసు బోర్డు మీదే కాకుండా దండోరా వేయించి గ్రామసభలో పైకి చదవండి. మా ఊళ్లో గుడి మైకులో చదివితే చాలు, వలస వెళ్లినవారికి సాయంత్రానికల్లా ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పేస్తారు. పేరు తీయాలంటే ఆ మనిషి చేతికి నోటీసు అందినట్టు సంతకమో వేలిముద్రో ఉండాలి. అవి లేకుండా తీస్తే, తీసిన అధికారి కారణం రాసి సంతకం పెట్టాలి. అభ్యంతరం చెప్పేవాడు ఫోన్ తెర వెనక ఉండకూడదు, ఊరి ముందుకు రావాలి.

ఆ తర్వాతి సవరణలో నేను ఆ కాలనీకి ఉగాది వెళ్లిన వారానికి వెళ్లాను. తాళాలు లేవు. అరుగుల మీద మిరపకాయల గోనెలు, ఎండకు కమిలిన వేళ్లు. ఒక్కొక్కరి దగ్గర కూర్చుని, పేరు చేర్చమని అడిగే ఫారం-6 నింపాను. వాళ్ల దగ్గర ఉన్న కాగితాలు చూశాను, లేనివాటికి పొరుగువారిని అడిగాను. నన్ను నిలదీసిన ఆమె ఇంటికి చివర్లో వెళ్లాను. కార్డు తెచ్చి ఇచ్చింది. ఫారంలో వేలిముద్ర వేసే చోటు చూపించాను. కారంతో పగిలిన వేలు సిరా దిండు మీద అద్ది కాగితం మీద నొక్కింది. గీతలు పడలేదు. రెండోసారి నొక్కింది. మూడోసారికి ఒక మసక ముద్ర వచ్చింది.

"ఈసారి తాళం వేసేటప్పుడు నీకు చెప్పి వెళ్తాను టీచరమ్మా" అంది.